మామ జోంగాకు ఏ నూనె పడుతుంది?

మాది చిత్తూరులో చెనిక్కాయల నూనె, అంటే వేరుశనగ నూనె వ్యాపారం. తాత గానుగ ఆడించాడు, నాయన మిల్లు పెట్టాడు, మిల్లు మూతపడ్డాక నేను కొట్టు చూసుకుంటున్నాను. కాబట్టి నూనె అనే మాట ఎక్కడ వినపడినా మా ఇంట్లో ఎవరూ ఊరుకోరు. ఒక చుక్క వేళ్ల మధ్య వేసి రుద్ది, వాసన చూసి, వెలుతురుకు పెట్టి చూసి తీర్పు చెప్పేస్తాం. పల్చగా, తేటగా, బంగారు రంగులో ఉంటే మంచిది. నల్లబడితే పారబోయాలి. ఈ రెండు ముక్కలతో మూడు తరాలు బతికాం. ఆ రెండు ముక్కలే మా మామ బండిని పాత ఇనుముకు పంపినంత పని చేశాయి.

మామ అంటే నా భార్య తండ్రి. ఐరాల దగ్గర పల్లె. వయసులో ఉండగా మిలటరీలో డ్రైవరుగా చేశాడు. తిరిగొచ్చి చెరుకు, టమాటా వేసుకుంటున్న రోజుల్లో, పటాలంలో తాను తోలిన రకం బండి ఒకటి సైన్యం వేలంలో బయటికొచ్చి ఎవరి చేతుల్లోనో తిరుగుతోందని ఆయనకు తెలిసింది. వెంటపడి కొనుక్కొచ్చాడు. జోంగా అంటారు దాన్ని. జీపు కంటే పొడుగు, వెడల్పు, మొండితనం కూడా ఎక్కువే. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను. అది మా వీధి మలుపు తిరుగుతోందంటే వంటింట్లో స్టీలు గ్లాసులకు ముందే తెలిసిపోతుంది. మా కారు ఎక్కమంటే మామ ఎక్కడు. "పెట్టెలో పెట్టి మూసినట్లుంటాది, నాకు గాలాడదప్పా," అంటాడు. పొలానికి, సంతకు, పెళ్లికి, చావుకు అన్నిటికీ ఆయనకు జోంగానే.

మొన్నటి ఎండాకాలంలో దాని ఎఫ్‌సీ గడువు తీరింది. పాత బండిని రోడ్డు మీద తిప్పాలంటే అధికారికి చూపించి, తిరగడానికి పనికొస్తుందని మళ్లీ రాయించుకోవాలి. రాస్తే అయిదేళ్లు నిశ్చింత. చిత్తూరులో ఆఫీసు దగ్గర మామ బండి స్టార్ట్ చేయగానే వెనక గొట్టంలోంచి నీలం పొగ బుస్సున లేచింది. అధికారి కుర్రవాడే, మర్యాదస్తుడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "పెద్దాయనా, పొగ తగ్గించుకుని రండి, ఇంకో తేదీ ఇస్తాను. అప్పుడు కూడా ఇట్లే ఉంటే నేను రాయలేను," అన్నాడు. గేటు బయట పాత ఇనుము వ్యాపారి ఒకడు జోంగా చుట్టూ నిదానంగా తిరిగి, టైరును కాలితో తన్ని చూశాడు. పెళ్లిచూపులకు వచ్చినవాడిలా ఉన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మామ మాత్రం బండెక్కి తాళం తిప్పాడు. ఇంటికి వచ్చాక అన్నం ముందు కూర్చుని, చెయ్యి పెట్టకుండా, "దాన్ని ముక్కలు ముక్కలుగా కోస్తా ఉంటే నేను సూడలేనప్పా. ముందు నన్ను పంపించి ఆ పైన కోసుకోండి," అన్నాడు. నా భార్య లోపలికి వెళ్లిపోయింది. అల్లుడి ముందు కళ్లనీళ్లు పెట్టుకునే మనిషి కాదు ఆయన, ఆ రోజు పెట్టుకున్నాడు.

ఆ పొగ ఏమిటో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఇంజన్లో ఆయిల్ కాలిపోతే నీలం పొగ వస్తుంది. అయితే ఏ ఆయిల్ పోస్తే కాలదు అనేదే మాకు అంతుపట్టలేదు. పటాలంలో ఆ సంగతి ఆలోచించడం డ్రైవరు పని కాదట. డ్రమ్ము మీద నంబరు రాసి ఉంటుంది, ఫలానా బండికి ఫలానా నంబరు పొయ్యమంటారు, పోస్తారు, అంతే. మామకు ఆ నంబరు ఇప్పటికీ నోటికొచ్చు. బయటికొచ్చిన కొత్తలో అంగడి అంగడికీ పోయి ఆ నంబరే అడిగాడట. "ఒక అంగడాయన నా మొకం సూసి, ఎండదెబ్బ తగిలినట్లుండాదని చెంబుతో నీళ్లిచ్చినాడు," అని చెబుతాడు. చివరికి విసుగెత్తి, ట్రాక్టర్ల సామాన్ల అంగట్లో విడిగా అమ్మే ఆయిల్ పోయడం మొదలుపెట్టి, అదే అలవాటు చేసుకున్నాడు. అన్నేళ్లూ ఆ ఆయిల్ తేనె రంగులోనే ఉండేది. దాన్ని చూసుకుని మామకు భలే గర్వం.

ఇక్కడ మా నాయన రంగంలోకి దిగాడు. వియ్యంకులిద్దరూ బావా బావా అనుకుంటూనే నా పెళ్లినాటి నుంచి పోటీ పడుతున్నారు. మామిడికాయలు ఎవరివి తీపి, మోకాలి నొప్పి ఎవరికి ఎక్కువ, అన్నిట్లోనూ పోటీయే. నూనె విషయంలో ఒక డ్రైవరు తనకు సమానంగా మాట్లాడటం నాయన భరించలేడు. "నూనె సంగతి మాకొదిలెయ్ బావా, అది మా ఇంటి విద్య," అన్నాడు. నన్ను వెంటబెట్టుకుని పెద్ద అంగడికి పోయి, ఉన్న రకాలన్నీ మూతలు తీయించాడు. అంగడతను మర్యాదకు ఏమీ అనలేకపోయాడు. నాయన ఒక్కో డబ్బాలోంచి చుక్క తీసి వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, కొత్త కార్లకు వాడే అన్నిటికంటే పల్చని, అన్నిటికంటే ఖరీదైన ఆయిల్ ఎంచాడు. "సూడు, ఎంత తేటగా ఉండాదో! ఇది పోస్తే ముసలి ఇంజను లేచి ఆడతాది," అన్నాడు. నిజం చెప్పాలంటే నా వేళ్లకూ అదే తోచింది. మా వేళ్లు నేర్చుకున్న విద్య అదే కదా.

అది పోసిన మర్నాటికే జోంగా కింద నేలంతా మరకలు. పొగ తగ్గకపోగా రెండింతలైంది. బండి వేడెక్కేకొద్దీ ఆయిల్ ప్రెషర్ చూపించే ముల్లు కిందికి కిందికి జారిపోతోంది. మామ పటాలంలో నేర్చుకున్న ఒకే ఒక శాస్త్రం ఆ ముల్లు. అది పడిపోతే ఇంజను పట్టేస్తుందని ఆయనకు బాగా తెలుసు. వెంటనే బండి ఆపేసి, చెట్టు నీడన పెట్టి, నాయనకు ఫోన్ చేశాడు. "మీ చెనిక్కాయల నూనె పోసింటే ఇంతకన్నా బాగుండు గదా బావా," అన్నాడు. నాయన ఫోన్ పెట్టేసి ఆ పూట కాఫీ కూడా తాగలేదు. కొన్నాళ్లు ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఏమైనా చెప్పుకోవాలంటే నన్ను నడుమ పెట్టి చెప్పుకున్నారు. ఇద్దరు ముసలివాళ్ల మధ్య తపాలా మోసే ఓపిక నాకు లేదని ఇద్దరికీ గట్టిగానే చెప్పాను. ఇద్దరూ వినలేదు.

చివరికి నేనే జోంగాను మెల్లగా తోలించుకుని, వేలూరు రోడ్డులో పాత లారీ ఇంజన్లు విప్పే మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను. మామ తోలాడు, నాయన పిలవకుండానే వచ్చి వెనక కూర్చున్నాడు. మేస్త్రీ ముల్లు చూశాడు, పొగ చూశాడు, కింద కారుతున్నది చూశాడు. ఎవరు పోయించారని అడిగాడు. మేం ముగ్గురం ఒకేసారి రోడ్డు వైపు చూశాం.

"కొత్త కార్లలో సందులు సన్నంగా ఉంటాయన్నా, పల్చనిది కావల్ల," అన్నాడు మేస్త్రీ. "ఈ ఇంజన్లో రింగులు అరిగి సందులు పెద్దవైపోయినాయి. పల్చనిది పైకెక్కి కాలిపోతాది, అడుగున కారిపోతాది. దీనికి ఇరవై-యాభై నంబరు ఆయిల్ పొయ్యల్ల. పొద్దన చల్లగా ఉన్నప్పుడు పారతాది, వేడెక్కినా చిక్కదనం పోకుండా నిలబడతాది. మామూలు మినరల్ ఆయిలే, సింథటిక్ జోలికి పోవద్దండి."

మామకు నమ్మకం కుదరలేదు. ఒకసారి దెబ్బ తిన్నాడు కదా. మా వైపు ఊళ్లలో ఒక మాట నిజమా కాదా తేల్చుకోవాలంటే ఒకటే దారి. కాణిపాకం వినాయకుడి ఎదుట ప్రమాణం. అక్కడ అబద్ధం ఆడటానికి మా జిల్లాలో ఎంత గట్టివాడికైనా గుండె చాలదు. ఎన్ని గట్టు తగాదాలు అక్కడ తెగాయో. మామ మేస్త్రీని నేరుగా అడిగేశాడు: "ఈ ఆయిలే మంచిదని కాణిపాకంలో ప్రమాణం చేస్తావాప్పా?"

మేస్త్రీ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "ఆయిల్ మీద చేస్తానన్నా. నీ ఇంజను మీద మాత్రం చెయ్యను," అన్నాడు.

ఆ మాటకు మా నాయన పడీపడీ నవ్వాడు. మామ కూడా నవ్వకుండా ఉండలేకపోయాడు. అన్నాళ్ల తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం అదే. నాకు సగం భారం అక్కడే దిగింది.

మేస్త్రీ ఇంజను అడుగున ఉండే ఆయిల్ చాంబరు దించాడు. లోపల చింతపండు గుజ్జు లాంటి నల్లటి జిడ్డు గట్టిగా పేరుకుని ఉంది. గరిటెతో గీకి తీయాల్సి వచ్చింది. ఆయిల్ లాగే జల్లెడ సగం పూడిపోయింది. అదంతా కడిగి, బిగించి, ఇరవై-యాభై పోసి స్టార్ట్ చేయమన్నాడు. మొదట్లో కొంచెం పొగ వచ్చింది, తర్వాత పల్చబడింది, బండి వేడెక్కాక వెతుక్కోవాల్సినంత అయింది. ముల్లు నడిమధ్యన నిలబడి కదల్లేదు. మామ సీట్లోంచి దిగకుండా ఆ ముల్లు వైపే చూస్తూ కూర్చున్నాడు.

అంతా బాగైందనుకున్నాం. ఎఫ్‌సీకి ముందు రోజు మధ్యాహ్నమే నేనూ నా భార్యా నాయనా పల్లెకు చేరుకున్నాం. మర్నాడు పొద్దున అందరం కలిసి బయల్దేరాలని. సాయంత్రం మామ బండి కడిగి, తుడిచి, బానెట్ ఎత్తి డిప్‌స్టిక్కు లాగాడు. ఆయిల్ ఎంత ఉందో చూసే ఇనుప పుల్ల అది. లాగినవాడు లాగినట్టే నిలబడిపోయాడు. పుల్ల చివర ఆయిల్ కాటుకలా ఉంది.

"అయిపోయింది," అన్నాడు.

నాయన పరుగెత్తుకొచ్చాడు. పుల్ల మీది చుక్కను చూసి ముఖం చిట్లించాడు. మా వ్యాపారంలో నల్లటి నూనెకు ఒకటే అర్థం. బజ్జీల బండివాడు వారం రోజులు కాచి కాచి వాడింది. "మాడిపోయింది బావా. లోపలేదో మాడతా ఉండాది," అన్నాడు. తేనె రంగు ఆయిల్‌కు అలవాటుపడిన మామకు ఇంక సందేహమే లేకపోయింది. ఎప్పుడూ ఏకాభిప్రాయం లేని వియ్యంకులిద్దరూ ఆ ఒక్కసారి ఏకమయ్యారు. ఈ ఆయిల్ వెంటనే దించేయాలి, పాత ట్రాక్టర్ ఆయిలే మళ్లీ పోయాలి. మామ పాత డబ్బా కోసం కొట్టంలోకి పోయాడు, నాయన అడుగు బోల్టు విప్పడానికి పానా వెతుకుతున్నాడు.

నేను మేస్త్రీకి ఫోన్ మీద ఫోన్ చేశాను. వాళ్ల ఇంట్లో ఎత్తారు. ఆయన తిరుమలకు పోయాడట, ఈపాటికి క్యూలో ఉంటాడట, ఫోను లోపలికి తీసుకుపోనివ్వరని ఇంట్లోనే పెట్టి వెళ్లాడట. నాకు దేవుడి మీద కూడా కోపం వచ్చింది. ఇంజను నిజంగా మాడిపోతుంటే రేపు దారిలో పట్టేస్తుంది. మాడకపోతే, పాత ఆయిల్ పోసి ఆఫీసు ముందు మళ్లీ నీలం పొగ చూపించి మన చేతులతో మనమే బండిని ఇనుముకు అప్పగించినట్టు అవుతుంది. రెండిట్లో ఏది నిజమో నాకు తెలియలేదు.

నా భార్య పెరట్లో మర్నాటికి కట్టుకోవాల్సిన వాళ్ల నాయన పంచెలు ఉతుకుతోంది. ఈ అలజడంతా విని, తడిచేతులతోనే వచ్చి, పుల్ల చూసి, "దీనికా ఇంత రచ్చ?" అంది.

"నల్లగా అయిపోయిందమ్మా, కనపడలా?" అన్నాడు మా నాయన.

"కనపడతా ఉండాది మామా. ఆ చాంబరులో అంత జిడ్డు తీసినామని మీరే చెప్పినారు గదా. అందని చోట ఇంకా ఎంతుండాదో. బట్టలు నానేసినాక బకెట్లో నీళ్లు తెల్లగానే ఉంటే మురికి పోయినట్లా, పోనట్లా?"

మా నాయన చేతిలోని పానా వైపు చూసుకున్నాడు.

"ఇన్నేండ్లూ నీ ఆయిల్ తేనె మాదిరి ఉండాదని మురిసిపోయినావే నాయనా, మురికంతా ఇంజన్లో ఉంచేసి అది మాత్రం తేటగా ఉండింది," అని తండ్రి వైపు తిరిగింది. "ఇది మురికిని తీసుకుని నల్లబడింది. వద్దనుకుంటే దించేసుకోండి. నాకు పనుండాది." వెళ్లిపోయి మళ్లీ పంచెలు జాడించడం మొదలుపెట్టింది.

నేను ఖాళీ డబ్బా తెచ్చి చీటీ చదివాను. ఇంజను లోపలి మురికిని కడుగుతుందని అక్కడ రాసే ఉంది. అంతకుముందు డబ్బాను పట్టుకుని రుద్ది, వాసన చూశాం గానీ చదవాలని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. అయినా డబ్బా మీద ఎన్నో రాస్తారు, నా కొట్లో డబ్బాల మీదా రాసి ఉంటాయి. అందుకని మామ ఇంజను స్టార్ట్ చేశాడు. బాగా వేడెక్కేదాకా ఉంచి ముల్లు చూశాడు. కదల్లేదు. వెనక్కి పోయి గొట్టం దగ్గర తెల్లగుడ్డ పట్టాడు. జిడ్డు అంటలేదు. ఇంజనుకు చెవి ఆనించినంత దగ్గరగా వంగి విన్నాడు.

"ముల్లు నాకెప్పుడూ అబద్ధం చెప్పలా," అన్నాడు ఆఖరికి. "దించొద్దు బావా. పానా ఈడ పెట్టు."

పొద్దున్నే బయల్దేరాం. కాణిపాకం మీదుగానే దారి. ఇంజను ఆపితే మళ్లీ చల్లబడి పొగ వస్తుందేమోనన్న భయంతో గుడి దగ్గర ఆగలేదు. మామ రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి తల మాత్రం వంచాడు. మిగతా దండాలు మేం పెట్టాం. ఆఫీసులో మళ్లీ అదే కుర్ర అధికారి. బండి వెనక నిలబడి, రుమాలు చేతిలో సిద్ధంగా పట్టుకుని, ఇంజను వేగం పెంచమన్నాడు. మామ పెంచాడు. జోంగా గర్జించింది. అధికారి రుమాలు ముక్కు దాకా పోలేదు, మళ్లీ జేబులోకి పోయింది. బ్రేకులూ లైట్లూ చూసి, "ఏం చేశారు పెద్దాయనా? ఆ బండేనా ఇది?" అని నవ్వి, అయిదేళ్లకు రాసిచ్చాడు. ఇనుము వ్యాపారి ఆ రోజూ గేటు దగ్గరే ఉన్నాడు. మా నాయన అతని ముందు నుంచి అక్కర్లేకపోయినా రెండుసార్లు నడిచాడు.

తిరుగుదారిలో మేస్త్రీ ఫోన్ చేశాడు. గుండు చేయించుకుని అప్పుడే కొండ దిగి ఇల్లు చేరాడట. నల్లబడిందని చెబితే, "నల్లబడకుంటే ఫోన్ చెయ్యండన్నా, నల్లబడితే ఎందుకు?" అన్నాడు. ఫోన్ స్పీకర్లో పెట్టి వియ్యంకులిద్దరికీ వినిపించాను. నా భార్య కిటికీ బయటికి చూస్తూ ఏమీ విననట్టు కూర్చుంది.

ఈసారి కాణిపాకంలో ఆగాం. మేం లోపలికి పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చేసరికి మామ బండి దగ్గరే ఒంటరిగా నిలబడి ఉన్నాడు. ఆఫీసు నుంచి బయటికొచ్చినప్పటి నుంచీ ఆయన ఎక్కువ మాట్లాడలేదు. అలసటనుకున్నాను. మా నాయన హుషారుగా బానెట్ ఎత్తించి, డిప్‌స్టిక్కు లాగి, ఆ నల్లటి చుక్కను వేళ్ల మధ్య వేసి మా ఇంటి పద్ధతిలో రుద్దాడు. వాసన చూశాడు. నల్లటి నూనెను ఆయన చేత్తో ముట్టుకోవడం నేను చూడటం అదే మొదలు. "చిక్కదనం పోలా. మాడు వాసన లేదు. మంచి నూనె బావా," అన్నాడు.

మామ తల ఊపాడు. "అయిదేండ్లు రాసిచ్చినారు. బండికేం, అది తిరగతాది. అన్ని దినాలు నేనుండల్ల గదా బావా," అన్నాడు.

నవ్వుతూ అన్నాడు గానీ ఆ నవ్వు నిలవలేదు. నా భార్య ప్రసాదం పొట్లం గట్టిగా పట్టుకుంది.

మా నాయన కుళాయి దగ్గరికి పోయి, ఆయిల్ వదిలేదాకా చేతులు కడుక్కున్నాడు. వచ్చి గోపురం వైపు తిరిగి, చెప్పులు విడిచి, కుడిచెయ్యి ఎత్తాడు.

"స్వామీ, ఈ నూనె మంచిది. ఈ ఇంజను మంచిది. దీన్ని తోలే మనిషి ఈ అయిదేండ్లూ తోల్తాడు. మళ్లా ఎఫ్‌సీకి నేను పక్కన కూర్చోని వస్తాను. ఇది ప్రమాణం."

మామ గబుక్కున ఆయన చెయ్యి పట్టుకుని కిందికి లాగాడు. "గమ్మునుండు బావా! తెలీని మాట ఈడ చెప్పకూడదు."

"తెలిసే చెప్తా ఉండా," అన్నాడు నాయన. "మేస్త్రీ నూనె మీదే చేస్తానన్నాడు. ఇంజను మీద నేను చేస్తా ఉండాను."

మామ ఆ చెయ్యి చాలాసేపు వదల్లేదు. తర్వాత భుజం మీది తువ్వాలుతో ముఖమంతా తుడుచుకుని, ఎండ ఎక్కువగా ఉందని ఎవరూ అడగకుండానే చెప్పాడు. సీట్లోకి ఎక్కి తాళం తిప్పాడు. మొదటి తిప్పుకే ఇంజను అందుకుంది. నేను వెనక్కి వంగి గొట్టం వైపు చూశాను. పొగ లేదు, దుమ్ము మాత్రం లేచింది.

"ఎక్కు బావా," అన్నాడు మామ, "ఇంటికాడ కూడు సల్లారిపోతాది."